గాజు పటమును పదిలముగా పంపుట
(నస్రుల్లాబాద్ సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంత్రము నాకిచ్చిన అంశము విని కొందరు నవ్వుకొనియుందురు. ఒక పెద్దమనిషి నన్ను గుమ్మము వద్దనే ఆపి, "ఏమయ్యా, ఇవ్వాళ పెట్టెలు కట్టుడు మీద ప్రసంగమట గదా?" అని అడిగినారు. నిజమే. నేను బోధకుడను కాను. ముప్పది ఏండ్లు అద్దములు కోసి, పటములకు ఫ్రేములు కట్టినవాడను. నాకు తెలిసినది నాలుగు ముక్కలు చెప్పుమని మన స్త్రీల మైత్రి వారు అడిగిరి, కాదనలేక వచ్చితిని.

వారు అడుగుటకు కారణము గలదు. అద్దముపై బొమ్మలు వేయుట నేర్చుకొని వారు ఈ ఏడు పద్నాలుగు పటములు సిద్ధము చేసియున్నారు. వాటిలో కొన్ని హైదరాబాదునకు, రెండు దుబాయిలో పని చేయుచున్న బిడ్డలకు, ఒకటి అమెరికాకు పోవలసియున్నవి. ఇదిగాక, దగ్గరి పల్లె గుడి కిటికీలోని రంగుటద్దపు పలక ఒకటి, సీసపు పట్టీలు సాగి ముందుకు ఉబ్బియున్నది. దానిని బాగుచేయించుటకు నగరమునకు పంపవలెనని పెద్దలు తీర్మానించిరి. ఎవరి జ్ఞాపకార్థము ఆ పలకను ఇచ్చిరో, వారి మనుమలు ఇద్దరు ఇప్పుడు మీ మధ్యనే కూర్చొనియున్నారు. దారిలో అది పగిలినచో అట్టి రంగుగాజు మరల దొరకదు, ఆ బొమ్మ వేసిన చేయి అసలే దొరకదు. కనుక ఈ మాటలు నవ్వులాటకు కావు.

మొదట గాజు స్వభావము తెలిసికొనవలెను. గాజు బలహీనమైనదని మనమందరము అనుకొందుము. అది సగము నిజము. నొక్కినయెడల గాజు చాల బరువు మోయును. వంచినయెడల మాత్రము ఓర్చుకొనదు. ఇనుప రేకు వంగి మరల సరి అగును, చెక్క కొంత లొంగును, గాజుకు ఆ గుణము లేదు. వంగిన పలకకు ఒక ముఖము సాగును, రెండవ ముఖము నలుగును. సాగిన ముఖము మీద ఎక్కడ చిన్న గీత యున్నదో అక్కడనే పగులు పుట్టి, కన్ను మూసి తెరచునంతలో ఈ అంచు నుండి ఆ అంచునకు పరుగెత్తును. మేము అద్దమును కోయుట ఈ గుణమును పట్టుకొనియే. మా చేతిలోని కోతచక్రము అద్దమును కోయదు, ఊరక ఒక గీత గీయును. తరువాత రెండు చేతులతో కొంచెము వంచినచో గీత వెంబడి అదే విడిపోవును. నా పనికి ఉపకారమైన ఈ గుణమే మీ పార్సెలుకు అపకారము. అంచున చిన్న పెచ్చు లేచిన అద్దము పగులుటకు సిద్ధముగా కూర్చొనియున్న అద్దము. కావున కట్టక మునుపు నాలుగు అంచులను వెలుతురులో చూడవలెను. పెచ్చు కనబడినయెడల సన్నని గరుకు రాతితో తడిచేసి మెల్లగా నూరవలెను.

బరువు సంగతి కూడ చెప్పెదను. ఒక చదరపు మీటరు అద్దము ప్రతి మిల్లీమీటరు మందమునకు సుమారు 2.5 కిలోలు తూగును. మన పటములకు వాడునది 3 మిల్లీమీటర్ల అద్దము. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పలక నాలుగు కిలోలకు పైచిలుకు వచ్చును. ఫ్రేము, వెనుక అట్ట కలుపుకొనినచో ఇంకను ఎక్కువ. ఇంత బరువును మెత్తని అట్టపెట్టెలో పడుకోబెట్టి పంపినచో, పెట్టె అడుగు వంగిన ప్రతిసారి అద్దము కూడ వంగును. అందుచేత మొదటి మాట ఇది: గాజును పడుకోబెట్టకుడి, నిలువబెట్టుడి. అంచు మీద నిలిచిన పలక తన బరువును తానే మోసికొనును. అద్దముల లారీలను రోడ్డు మీద మీరు చూచియేయుందురు. వాటిలో అద్దములు కొంచెము వెనుకకు వాలి నిలుచుండును గాని ఒకటియు పడుకొని యుండదు.

మన డయాసిసు వారికి గాజు ప్రయాణము కొత్త విషయము కాదు. మెదకు కెథెడ్రల్‌ను చూడనివారు ఈ సభలో ఉందురని నేననుకొనను. పాస్నెట్ దొరగారు 1914లో పని మొదలుపెట్టించగా, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ గుడిలో మూడు రంగుటద్దపు కిటికీలు గలవు. అల్తారు వెనుకనున్న ఆరోహణపు కిటికీ 1927లోను, జననపు కిటికీ 1947లోను, సిలువ కిటికీ 1958లోను అమర్చిరి. వీటిని చేసినవారు ఇంగ్లాండు దేశస్థుడైన ఫ్రాంక్ సాలిస్‌బరీ గారు. ఆయన 1874లో పుట్టి 1962లో గతించెను. రాజకుటుంబీకుల చిత్తరువులు వ్రాసి పేరుపొందిన చిత్రకారుడు గాని, చిన్ననాడు పని నేర్చుకొన్నది సెయింట్ ఆల్బన్స్ పట్టణములో తన అన్నగారి రంగుటద్దముల కార్ఖానాలోనే. పగటి వెలుతురున్నంతసేపే ఆ బొమ్మలు లోపలినుండి పలుకును. పొద్దు గూకినచో నల్లని గోడవలె నుండును. క్రిస్మసు రాత్రి ఆరాధనకు పోయి, "కిటికీలు కనబడలేదే" అని తిరిగివచ్చినవారిని నేనెరుగుదును.

మన వాండ్లు ఆ కిటికీలను చూచి కన్నులార్పరు గాని, అవి అక్కడికి ఎట్లు వచ్చెనని అడుగువారు తక్కువ. అంతంత కిటికీ ఒకే అద్దము కాదు. చిన్న చిన్న రంగుగాజు ముక్కలను బొమ్మకు తగినట్లు కోసి, వాటిపై ముఖములు, వస్త్రపు మడతలు చిత్రించి, కొలిమిలో కాల్చి, ముక్కకును ముక్కకును నడుమ సీసపు పట్టీ వేసి అతికెదరు. ఇట్లు అతికిన పలకలను గుడి వద్ద ఒకదానిపై ఒకటి నిలిపి కిటికీ చేసెదరు. అనగా దూరము పంపుటకు వీలైన రీతిగనే ఆ పని పుట్టినది. పెద్దదానిని పెద్దదిగా పంపరు, మనిషి ఎత్తగలిగిన పలకలుగా పంపెదరు. ఆ కాలమున ఇట్టి పలకలను చెక్కపెట్టెలలో అంచుమీద నిలిపి, నడుమ గడ్డియో, రందకు వచ్చిన చెక్కపొట్టు చుట్టలో కూరి కట్టెడివారు.

ఇప్పుడు దారి లెక్కించుడి. ఏ రేవులో దిగినను, ఇంగ్లాండునుండి ఓడ మీద రావలెను, రేవులో దింపవలెను, రైలు కెక్కించవలెను, మరల దింపవలెను. మెదకు పట్టణమునకు రైలు వచ్చినది 2022లో గదా. కావున 1927లో గాని 1958లో గాని చివరి మజిలీ రోడ్డు మీదనే. ఓడలో వేల మైళ్లు పోయినప్పుడు గాజుకు పెద్ద కష్టము లేదు. కష్టమంతయు ఎక్కించుచోట, దింపుచోట. నా అనుభవములో కూడ దూరము గాజును పగులగొట్టదు, చేతులు పగులగొట్టును. హైదరాబాదుకు పోవలసిన పటము బాన్సువాడ బస్టాండులోనే పగులవచ్చును. పార్సెలు కట్టువాడు మైళ్లను కాదు, ఎన్నిమార్లు చేతులు మారునో దానిని లెక్కించవలెను.

ఇంకొక సంగతి. 1939లో యుద్ధము రాగానే ఫ్రాన్సు దేశములో షార్త్ర్ కెథెడ్రల్‌వారు తమ పురాతన కిటికీలన్నింటిని విప్పిరి. అందులో అధిక భాగము 13వ శతాబ్దపు పని. వాటిని పెట్టెలలో కట్టి, తరువాత దక్షిణముననున్న దోర్దోన్ ప్రాంతపు రాతిగనిలో దాచిరి. యుద్ధము ముగిసిన పిమ్మట తెచ్చి మరల అమర్చిరి. ఏడువందల ఏండ్ల గాజు బాంబుల కాలమున అట్లు ప్రయాణము చేసి తిరిగి తన స్థలమునకు చేరినదని వినినప్పుడు, మన పద్నాలుగు పటముల కొరకు నాకు ధైర్యము కలిగినది. వారికి బబుల్ షీటు లేదు, థర్మోకోల్ లేదు. ఓపికయు మంచి వడ్రంగులును ఉండిరి.

అంతదూరము పోనక్కరలేదు. మన వీధులలోనికి వచ్చు గాజులమ్మను తలచుకొనుడి. మన భాషలో గాజు అన్నను అదే, చేతి గాజు అన్నను అదే. రెండింటికిని ఒకటే పేరు. ఆమె భుజముపై గాజుల మలారము వేసికొని ఎండలో పది ఊళ్లు తిరుగును. పగిలినవి ఎన్ని? చాల కొద్ది. ఆమె గాజులను దూది మీద పెట్టలేదు, తాడుకు బిగువుగా గుచ్చినది. ఒక గాజు ఇంకొక గాజును కొట్టుటకు చోటు లేదు. కదిలిన మలారమంతయు ఒక్కటిగా కదలును. మెత్తదనము కంటె బిగువు ముఖ్యమని నాకు నేర్పినది ఆమెయే గాని ఏ పుస్తకమును కాదు. నేటి యౌవనస్థులు బబుల్ షీటు మూడు చుట్లు చుట్టి, పెద్ద పెట్టెలో వేసి, "ఇంత మెత్తగా కట్టితిమి గదా" అందురు. లోపల అది ఊయలలో బిడ్డవలె ఊగుచుండును. చోటున్నంత మేర అది పరుగెత్తి గోడకు కొట్టుకొనును.

ఊక గురించి కూడ చెప్పవలెను, మన ప్రాంతము వరికి పేరుబడినది గనుక. నిజాంసాగర్ నీరు పారినప్పటినుండి మనకు ఊకకు, గడ్డికి కొరత లేదు. కోడిగ్రుడ్లను ఊకలో పెట్టుట మీకందరికి తెలుసు. గ్రుడ్డు తేలిక, సరిపోవును. నాలుగు కిలోల అద్దమునకు ఊక పనికిరాదు. లారీ అదురునప్పుడు ఊక నీటివలె జారి కూర్చొనును, బరువైన పటము మెల్లమెల్లగా దిగి పెట్టె అడుగును తాకును. రంపపు పొట్టు కూడ అంతే. థర్మోకోల్ గుళికలును అంతే. వరిగడ్డి మేలు, పురి పెట్టి చుట్టలుగా కూరినచో నిలుచును. అయితే అది పచ్చిగా ఉండరాదు. గడ్డిలో తేమ యున్నచో అద్దము మీద తెల్లని పొర పట్టును, అది ఎంత తుడిచినను పోదు. ఒకదానిపై ఒకటి పేర్చిన అద్దముల నడుమ తేమ చేరినప్పుడు కూడ ఇదే జరుగును. అందుకే దుకాణములో నడుమ కాగితము పెట్టుదుము. మరియొక మాట. గడ్డి కూరిన పెట్టెను మన జిల్లాలో ఎక్కడికైనను పంపుడి గాని విదేశమునకు పంపకుడి. గడ్డితో పురుగులు, తెగుళ్లు వచ్చునని అనేక దేశములవారు రేవులోనే ఆపెదరు. పచ్చి చెక్కతో చేసిన పెట్టెకు కూడ ఇదే చిక్కు. చెక్కను వేడిచేసి క్రిమిరహితము చేసినట్లు ముద్ర వేయించవలెనని 2002లో దేశముల నడుమ ఒక నియమమేర్పడినది. ప్లైవుడుకు ఆ ముద్ర అక్కరలేదు. అమెరికా పటమునకు ప్లైవుడు పెట్టెయే చేయింపుడి.

ఇప్పుడు కట్టు విధానము. స్త్రీల మైత్రి వారి పటములను, గుడి పలకను నేను వేరువేరుగా చెప్పెదను, ఏలయనగా అవి రెండును రెండు జాతులు.

సహోదరీలారా, మీరు వేసినది అద్దము వెనుక వేసిన రంగు. అది కొలిమిలో కాలలేదు, ఊరక ఎండినది మాత్రమే. పైకి ఎండినట్లు కనబడినను లోన పచ్చిగా నుండవచ్చును, ముఖ్యముగా మందముగా పోసిన గీతలు. కొన్ని వారములు గాలికి ఆరనిండు. తొందరపడి ప్లాస్టిక్ చుట్టినచో మన ఎండకు పెట్టె లోపల కాగి, బబుల్ షీటు రంగుకు అంటుకొనును. విప్పినప్పుడు యేసుక్రీస్తు ముఖముపై గుండ్రని మచ్చలు వరుసగా కనబడును. నేను చూచియున్నాను. కనుక రంగు వైపున మొదట పలుచని బటర్ పేపరు వేయుడి. వార్తాపత్రిక వేయకుడి, సిరా దిగును. దాని పైన మెత్తని అట్ట, ఆ పైన బబుల్ షీటు. ఫ్రేము కట్టిన పటమైనయెడల అద్దము ముందు వైపున కాగితపు టేపు గీతలు గీతలుగా అతికించుడి. టేపు పగులును ఆపదు, ఆ భ్రమ వద్దు. పగిలినచో ముక్కలు జారి రంగును గీరకుండ పట్టియుంచును, అంతే. రంగు వేసిన వైపున మాత్రము టేపు ముట్టనీయకుడి.

మూలలే మొదట దెబ్బ తినును. నాలుగు మూలలకు దళసరి అట్టను మడిచి టోపీలవలె తొడుగుడి. పిదప పటమును రెండు గట్టి అట్టల నడుమ గాని, సన్నని ప్లైవుడు పలకల నడుమ గాని పెట్టి సుతిలితో బిగించుడి. ఇప్పుడది వంగదు. దీనిని చిన్న పెట్టెలో కదలకుండ పెట్టి, ఆ చిన్న పెట్టెను పెద్ద పెట్టెలో పెట్టవలెను. రెండు పెట్టెల నడుమ అన్ని వైపుల రెండంగుళములకు తక్కువ కాకుండ స్పాంజి ముక్కలో, నలిపిన కాగితమో గట్టిగా కూరవలెను. అడుగున మరువవద్దు. అందరు పైన కూరుదురు, దెబ్బ క్రిందినుండి వచ్చును. మూసిన తరువాత పెట్టెను ఎత్తి చెవి దగ్గర మెల్లగా ఊపుడి. ఏ చప్పుడైనను విన్నయెడల సిగ్గుపడక మరల విప్పుడి.

ఒక పెట్టెలో పటము తప్ప వేరొకటి పెట్టవద్దని నేను మొండిగా చెప్పుచున్నాను. దీనికొక కారణము గలదు. మన తాలూకాలోనే ఒక ఇంటి ఆడబిడ్డ, నర్సు చదువు చదువుచున్న పిల్ల, తమ పాత ఇంటిని అద్దముపై చిత్రించి, గల్ఫులోనున్న అన్నకు పంపినది. తల్లి ప్రేమకొద్దీ అదే పెట్టెలో ఒక మామిడి పచ్చడి సీసా కూడ పెట్టెను. పటమును పడుకోబెట్టి, ప్రక్కన సీసాను ఇరికించి, బబుల్ షీటు దండిగా చుట్టిరి. పెట్టె చేరెను. సీసాకు ఏమియు కాలేదు, పటము మాత్రము పదునొకండు ముక్కలైనది. పంపిన కొరియరు వారిని అడిగినప్పుడు, రసీదు వెనుకనున్న సన్నని అక్షరములు చూపించి, గాజుకు తమ బాధ్యత లేదనిరి. "పోనీలే అన్నా, ఇంకొకటి వేసి పంపుదును" అని ఆ పిల్ల ఫోనులో చెప్పినదట. ఆ సంవత్సరము దాటకమునుపే జ్వరము వచ్చి ఆమె ప్రభువునందు నిద్రించినది. ఆ అన్న సెలవుకు వచ్చినప్పుడు ఆ పదునొకండు ముక్కలను లుంగీలో మూటకట్టి నా దుకాణమునకు తెచ్చెను. నేను చేయగలిగినది చేసితిని. రెండు కొత్త అద్దముల నడుమ వాటిని పేర్చి ఫ్రేము కట్టితిని. పగుళ్లు కనబడుచునే యుండును. నేడు నేనిక్కడ నిలిచి మాట్లాడుటకు ఆ మూటయే ముఖ్య కారణమని చెప్పవచ్చును.

రసీదు సంగతి వచ్చినది గనుక అది కూడ. బుక్ చేయక మునుపే అద్దము పగిలినచో ఏమి చెల్లింతురో నోటితో కాదు, కాగితము మీద చదువుకొనుడి. చాలమంది కొరియరు వారు గాజును మినహాయించియే బీమా వ్రాయుదురు. కట్టక మునుపు పటమును, కట్టుచున్నప్పుడు ప్రతి దశను, మూసిన పెట్టెను సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి ఉంచుడి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనినట్లు, పగిలిన తరువాత తీసిన ఫోటోకు విలువ తక్కువ.

ఇక గుడి పలక. ఇది కాల్చిన రంగు గనుక రంగుకు భయము తక్కువ, భయమంతయు సీసమునకే. సీసము మెత్తనిది. ఆ పలకను ఇద్దరు రెండు చివరలు పట్టుకొని బల్లవలె ఎత్తినచో నడుమ కుంగును, కుంగినచోట గాజు పట్టీలోనుండి జారును, లేదా విరుగును. దానిని కిటికీలోనుండి విప్పునప్పుడే వెనుక ఒక ప్లైవుడు పలకను ఆనించి, ఆ పలకతో సహా నిలువుగానే క్రిందికి దింపవలెను. నిలువుగానే నడిపింపవలెను. పడుకోబెట్టక తప్పనిచోట ఆ ప్లైవుడుతో కలిపియే వాల్చవలెను.

విప్పక మునుపు ఒక పని చేయుడి. పలకంత తెల్లకాగితమును దానిపై పరచి, మెత్తని పెన్సిలును అడ్డముగా పట్టి మెల్లగా రుద్దుడి. సీసపు పట్టీల గీతలన్నియు కాగితముపై తేలును. చిన్నప్పుడు నాణెము మీద కాగితము పెట్టి మీరు రుద్దలేదా, అట్లే. ఆ కాగితము మీద ముక్కముక్కకు ఒక నంబరు, దాని రంగు వ్రాయుడి. ఇప్పటికే ఊడివచ్చిన ముక్కలుంటే ఒక్కొక్కటి విడిగా బటర్ పేపరులో చుట్టి, నంబరు వ్రాసి, వేరే చిన్న డబ్బాలో పంపుడి. తిరిగి దాని చోట ఇరికించి పంపుదమని ప్రయత్నింపకుడి. ఆ కాగితపు నకలు ఒకటి పలకతో పోవలెను, ఇంకొకటి సెక్రటరీగారి బీరువాలో ఉండవలెను.

ఆ పలక ముందుకు ఉబ్బియున్నది గదా. దానిని బలవంతముగా సరిచేయవద్దు, అరచేతితో నొక్కవద్దు. అది బాగుచేయువాని పని. ఉబ్బిన చోట పలుచగాను, అంచుల వద్ద మందముగాను స్పాంజిని కత్తిరించి, ఉబ్బుకు తగినట్లు ఆనించవలెను. రెండు వైపుల స్పాంజి, రెండు వైపుల ప్లైవుడు, పైన నవారు కట్టు. కట్టు బిగువు చేతితో చూచుకొనుడి. కదలరాదు, నలగరాదు.

పెట్టెకు మేకులు వద్దు, మరలు వేయింపుడి. సుత్తి దెబ్బ ప్రతి ఒక్కటి లోపలి గాజుకు తగులును. మేకు తీయునప్పుడు మరల తగులును. మూత ఏ వైపున తెరువవలెనో పైన వ్రాయుడి. సన్నగా ఎత్తుగా నుండు పెట్టె పడిపోవును గనుక అడుగున రెండు అడ్డకొయ్యలు వెడల్పుగా వేసి కాళ్లు చేయింపుడి. ప్రక్కలకు పిడులు పెట్టుడి. నేను గమనించినది ఒకటి చెప్పెదను. మరీ తేలికైన పెట్టెను హమాలీ విసరును, మరీ బరువైన పెట్టెను జారవిడుచును. ఇద్దరు పట్టుకొనవలసిన పెట్టెను, పట్టుకొనుటకు పిడి యున్న పెట్టెను మర్యాదగా దింపును. పాపము, తప్పు హమాలీది కాదు. రోజుకు వందల పెట్టెలు మోయువానికి మన పెట్టెలో ఏమున్నదో ఎట్లు తెలియును? అందుకే నాలుగు ప్రక్కలను "గాజు" అని తెలుగులోను, హిందీలోను, ఇంగ్లీషులోను పెద్ద అక్షరములతో వ్రాయుడి. చదువరాని వానికి గిన్నె గుర్తు, పైకి చూపు బాణము గుర్తు వేయుడి. గుర్తు చూచి అందరు జాగ్రత్తపడుదురని మాత్రము నమ్మకుడి. గుర్తు లేదనుకొనియే కట్టుడి.

బండిలో ఎక్కించునప్పుడు పలక ముఖము లారీ ప్రక్కగోడ వైపునకు ఉండవలెను గాని, డ్రైవరు వైపునకు ఉండరాదు. బ్రేకు వేసినప్పుడు త్రోపు ముందుకు వచ్చును. అంచు మీద వచ్చిన త్రోపును గాజు ఓర్చుకొనును, ముఖము మీద వచ్చిన త్రోపునకు వంగును. వెనుక చక్రముల మీద, ఇంకను వెనుక కొసన ఎగురుడు ఎక్కువ. పెట్టెను నడుమ భాగమునకో ముందు భాగమునకో చేర్చి, ప్రక్కగోడకు త్రాడుతో కట్టుడి. ఆ పలకను కొరియరుకు అప్పగింపక, మనుష్యులే ఒక చిన్న వ్యానులో వెంట పోవుట మేలని నా అభిప్రాయము. ఖర్చు అధికమే, కమిటీవారు నాపై కోపింపవద్దు. కాని చేతులు మారుట ఆరుమార్లకు బదులు రెండుమార్లగును. మన కంకర రోడ్లపై మెల్లగా పొమ్మని డ్రైవరుకు ముందే చెప్పి, టీ డబ్బులు కొంచెము ఎక్కువ ఇయ్యుడి.

చివరగా, పెట్టెను అందుకొనువారికి కూడ ఒక చీటీ వ్రాసి పైన అంటించుడి. చల్లని గోదామునుండి వేడి ఇంటిలోనికి వచ్చిన అద్దము మీద చెమ్మ పట్టును. ఎండిన రంగుకు అది మంచిది కాదు. కనుక పెట్టెను ఇంటిలో ఒక దినము మూసియుంచి తరువాత తెరువవలెను. కత్తితో టేపు కోయునప్పుడు లోనికి దింపరాదు. తెరువక మునుపు బయటి ఫోటో, తెరచిన తరువాత లోపలి ఫోటో తీయవలెను. ఒకవేళ పగిలియున్నయెడల ముక్కలను ఊడ్చి పారవేయవద్దు. వ్రేలిగోరంత ముక్కనైనను చెత్తబుట్టలో వేయక, చేతికి గుడ్డ చుట్టుకొని అన్నింటిని ఏరి, ఒక డబ్బాలో వేసి పంపినవారికి తెలుపవలెను. ఈ చీటీ నమూనా పది నకళ్లు వ్రాసి తెచ్చితిని, పోవునప్పుడు సెక్రటరీగారి వద్ద తీసికొనుడి. బటర్ పేపరు, నవారు బాన్సువాడలో దొరకును. స్పాంజి పలకలు కావలసినవారు పరుపులు కుట్టువారిని అడుగుడి, కత్తిరింపులు వారు అగ్గువకే ఇత్తురు.